కథాముఖమందలి మందశిష్యుడు: నీతిచంద్రిక మొదలు నేటి ప్రాథమిక పాఠశాల వరకు

మన వాఙ్మయమున గురుప్రశంస పుష్కలముగా నున్నది. సచ్ఛిష్యుని లక్షణములును విస్తారముగా చెప్పబడినవి. ఒక్కమారు విన్నంతనే పాఠమును ధారణ చేయు ఏకసంథాగ్రాహికి మన కథలలో గౌరవస్థానము కలదు. కాని పదిమారులు చెప్పినను అక్షరము పట్టుబడని బాలునకు మన సాహిత్యమున లభించిన స్థానమెట్టిది? అతనిని గూర్చి కథకులు ఏమి తలచిరి? అతని లోపమునకు ఎవరిని బాధ్యులను జేసిరి? ఈ ప్రశ్నలను ఇచట విచారింప దలచితిమి.

ఈ విచారము కేవల సాహిత్యకుతూహలమువలన పుట్టినది కాదు. తెలుగు శాఖలలో చదివినవారిలో పెక్కురు ఉపాధ్యాయులగుదురు. ఉపాధ్యాయుడు తరగతిలోనికి శిక్షణగ్రంథములందలి సూత్రములను మాత్రమే కొనిపోడు. చిన్ననాట విన్న కథలను, ఆ కథలు నేర్పిన మాటలను, ఆ మాటలవెంట వచ్చు తీర్పులను గూడ కొనిపోవును. వెనుకబడిన పిల్లవానిని చూచి 'శుంఠ' అనుటకును, 'వీనికి నేనింకను దారి కనుగొనలేదు' అనుటకును నడుమ నున్న దూరము, రెండు సాహిత్యసంప్రదాయముల నడుమ నున్న దూరమే యని మా యభిప్రాయము.

1. రెండు కథాముఖములు, రెండు మతములు

పంచతంత్రము కథాముఖము అందరెరిగినదే. మహిలారోప్య నగరమును అమరశక్తి పాలించును. అతనికి ముగ్గురు కొడుకులు. మూలగ్రంథము వారికి వేసిన విశేషణము పరమదుర్మేధసులని. రాజు మంత్రులను సమావేశపరచి వీరికి బుద్ధి వికసించు ఉపాయమేమని యడుగును. వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని, అటుపిమ్మట ధర్మార్థశాస్త్రములు చదువవలెనని యొకరు చెప్పుదురు. ఆయువు స్వల్పము, శాస్త్రములు అపారములు గనుక సారమును మాత్రమే గ్రహింపజేయు మార్గము వెదకవలెనని సుమతియను మంత్రి సూచించును. అప్పుడు విష్ణుశర్మ వచ్చి, తాను విద్యను అమ్ముకొనువాడను కానని చెప్పి, ఆరునెలలలో వీరిని నీతికోవిదులను చేయనిచో తన పేరు విడిచెదనని ప్రతిన పూనును.

ఈ ఘట్టమున గమనింపదగిన విషయములు రెండు. మొదటిది: పణముగా ఒడ్డబడినది శిష్యుల మానము కాదు, గురువు పేరు. పిల్లలు నేర్వకపోయినచో వారు దండ్యులగుదురని గ్రంథము చెప్పలేదు. గురువు తన పేరునకు అనర్హుడగునని చెప్పినది. రెండవది: మార్గము మార్చబడినది. పండ్రెండేండ్ల వ్యాకరణమునే మరింత నెమ్మదిగా, మరింత గట్టిగా చెప్పుద మనలేదు. శాస్త్రమునకు బదులు కథ వచ్చినది. సూత్రమునకు బదులు మృగపక్షుల సంభాషణ వచ్చినది. నేటి విద్యాశాస్త్రవేత్తలు పాఠ్యక్రమమును శిష్యుని శక్తికి అనుకూలపరచుట యని చెప్పుదానికి ఇంతకంటె స్పష్టమైన ప్రాచీనోదాహరణము చూపుట కష్టము.

హితోపదేశమున ఈ కథాముఖము రూపు మారినది. నగరము పాటలీపుత్రము, రాజు సుదర్శనుడు. ముఖ్యభేదము విశేషణములందున్నది. ఈ రాజపుత్రులు దుర్మేధసులు కారు; శాస్త్రము చదువనివారు, నిత్యము పెడదారిని పోవువారు. అనగా ఇచట లోపము బుద్ధియందు లేదు, నడవడియందున్నది. దీని కనుగుణముగనే విష్ణుశర్మ వాక్యమును మారినది. తగని వస్తువునందు చేసిన యత్నము ఫలింపదని, ఎన్ని పాట్లు పడినను కొంగచేత చిలుకవలె పలికింపలేమని అతడు చెప్పును. కాని యిట్టి మహావంశమున గుణహీనుడు పుట్టడు గనుక వీరిని ఆరునెలలలో విద్వాంసులను చేయగలనని నమ్మబలుకును.

పైకి చూడగా రెండవ కథాముఖము మొదటిదానికంటె మృదువైనదిగా దోచును. అది పిల్లలను మందులని నిందింపలేదు. కాని లోతునకు పోయి చూచినచో దాని కాఠిన్యము తేటపడును. పంచతంత్రమున మందుడును నేర్చును. ఉపాయము సరియైనదైన చాలును. హితోపదేశమున నేర్వగలవాడే నేర్చును; ఆ నేర్వగల శక్తికి ప్రమాణము పుట్టుక. చిలుకలకు తలుపు తెరచి కొంగలకు మూసినది ఈ మతము. మహావంశమున పుట్టని మందబాలుని విషయమున విష్ణుశర్మ యేమనునో అతని మాటలే చెప్పకయే చెప్పుచున్నవి.

తెలుగున పంచతంత్రమును దూబగుంట నారాయణకవియు, బైచరాజు వేంకటనాథకవియు పద్యకావ్యములుగా రచించిరి. అయినను ఆధునిక విద్యార్థిలోకమునకు అందినది పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక. 1853లో వెలువడిన ఈ గ్రంథమున మిత్రలాభ మిత్రభేదములు మాత్రమే కలవు. సూరి రెండు మూలములను సమన్వయించినను, కథాముఖమున హితోపదేశమును అనుసరించి పాటలీపుత్ర సుదర్శనులనే గ్రహించెను. కావున శతాధిక వత్సరములుగా తెలుగు బాలునకు, తెలుగు ఉపాధ్యాయునకు పరిచితమైనది రెండవ మతమే. ఇది సూరి దోషమని మేమనుట లేదు. అనువాదకుని యెన్నిక ఒక జాతి విద్యాభావనపై ఎంత దూరము ప్రసరించునో చూపుటయే మా యుద్దేశము.

2. కథ పాఠ్యమైన విధము

నీతిచంద్రిక విషయమున ఇంకొక విచిత్రము కలదు. పండ్రెండేండ్ల వ్యాకరణము చదువలేని పిల్లలకొరకు కల్పింపబడిన కథలు, తెలుగున బాలవ్యాకరణకర్త చేతిలో పడి వ్యాకరణమునకే లక్ష్యగ్రంథమైనవి. సూరి వచనము గంభీరము, సమతూకము గలది; దాని సొగసును కాదనువారు అరుదు. కాని పాఠశాలలో అది కథగా వినబడుటకు ముందే సంధులుగా విడదీయబడినది, సమాసములుగా విగ్రహింపబడినది, అర్థతాత్పర్యములుగా వల్లింపబడినది. కాకి, ఎలుక, తాబేలు, జింకల స్నేహము తెలియకముందే వాని విభక్తులు తెలియవలసివచ్చినది. దగ్గరదారిగా వేసిన బాట ఎత్తైన గోడయై నిలిచినది.

దీనినుండి తేలు సత్యము నేటికిని అన్వయించును. పుస్తకము సులభమగుటయు కఠినమగుటయు విషయమునుబట్టియే కాక దానిని ఉపయోగించు రీతినిబట్టియు నిర్ణయమగును. మందశిష్యుని నిమిత్తము తయారైన ఉపకరణము గూడ పరీక్షాసాధనముగ మారినచో అతనినే మొదట వెలివేయును. చిత్రపటములు, అక్షరముల అట్టలు మొదలైన వానిని చేతికిచ్చి ఆడనీయక బల్లపై పెట్టి 'ఇదేమి, చెప్పుము' అని నిలదీసిన తరగతిలో జరుగునది ఇదియే.

హితోపదేశమున రాజపుత్రులు మాటలాడు సందర్భములు బహుస్వల్పములు. ఒక భాగము ముగిసినంతనే తాము విని సంతసించితిమని, తరువాతి భాగమును వినగోరుచున్నామని వారు చెప్పుదురు. వారికి పరీక్ష జరిగినట్లు గాని, వారు శ్లోకములు ఒప్పగించినట్లు గాని లేదు. ఇంకను వినగోరుటయే వారు నేర్చుచున్నారనుటకు గ్రంథము చూపిన గుర్తు. ప్రాథమికోపాధ్యాయులు దీనిని స్వల్పవిషయముగా ఎంచరాదు.

3. నవ్వు, వరము, శ్రమ

శిష్టసాహిత్యమునుండి జనసాహిత్యమునకు దిగినచో మందశిష్యుడు మూడు వేషములతో కానవచ్చును.

మొదటి వేషము పరమానందయ్య శిష్యులది. ఏరు మేల్కొని యున్నదో నిద్రించుచున్నదో తెలిసికొనుటకు కొఱవితో నీటిని తాకి చూచిన ఆ శిష్యులను తెలుగుదేశమున ఎరుగనివారు లేరు. తమిళమున వీరమాముని యను పేర ప్రసిద్ధుడైన బెస్కీ 18వ శతాబ్దమున రచించిన పరమార్థగురు కథకును దీనికిని దగ్గరి చుట్టరికము కలదు. ఏరు దాటిన పిమ్మట ప్రతివాడును తన్ను విడిచి తక్కినవారిని లెక్కించి, ఒకడు తగ్గెనని అందరును ఏడ్చుట ఈ కథలలోని హాస్యమునకు శిఖరము.

విశేషమేమనగా ఈ లెక్కయే వేదాంతగ్రంథములందును కలదు. పదిమంది ఏరు దాటి తొమ్మండుగురనే లెక్కించి దుఃఖించుచుండగా, దారిన పోవు ఆప్తుడొకడు వచ్చి పదియవవాడవు నీవే యని చూపును. విద్యారణ్యుని పంచదశిలో ఈ దృష్టాంతము ఆత్మజ్ఞానమునకై విపులముగా వాడబడినది. ఒకే తప్పు, ఒకే యేరు. జనకథలో శ్రోత గట్టునుండి నవ్వును. వేదాంతకథలో ఆప్తుడు గట్టుదిగి వచ్చి లెక్కించువాని ప్రక్కన నిలుచును. మొదటివానికి ఆ తప్పు వినోదము, రెండవవానికి అది బోధకు ఆరంభస్థానము. ఉపాధ్యాయుడు వీరిరువురిలో ఎవడు కావలెనో వేరుగ చెప్పనక్కరలేదు. వస్తువునకొక సంఖ్య చొప్పున తప్పక లెక్కించుట గణితమునకు పునాది. ఆ మెట్టు వద్దనే ఆగిపోయిన పిల్లలు ప్రతి పాఠశాలలోను ఉందురు. వారికి కావలసినది నవ్వు కాదు, గింజలు, పుల్లలు, చేయిపట్టి లెక్కింపజేయు తోడు.

రెండవ వేషము కాళిదాసు ఐతిహ్యములోనిది. తాను కూర్చున్న కొమ్మనే నరకుకొన్న మూఢునికి కాళీవరముచే కవిత్వము సిద్ధించినది. 1960లో వచ్చిన 'మహాకవి కాళిదాసు' చలనచిత్రమువలన ఈ కథ మరింత వ్యాపించినది. వినుటకు మనోహరమే. కాని ఇందు గురువునకు పనిలేదు. జడత్వమునకును మహాకవిత్వమునకును నడుమ అక్షరాభ్యాసమనునదే లేదు. బిడ్డకు చదువు పట్టుబడలేదని దుఃఖించు తల్లిదండ్రులను గుడులవెంటను, మందులవెంటను త్రిప్పునది ఈ వరవాదమే. నేటి శాస్త్రము దీనిని సమర్థింపదు. పఠనవైకల్యము తావీజులకు గాని లేహ్యములకు గాని లొంగునది కాదు; క్రమబద్ధమైన బోధచే దాని బాధ తగ్గును.

మూడవ వేషము బోపదేవునిది. పాఠము రాక గురుకులము విడిచిన బాలుడు, బావివద్ద కుండల రాపిడికి రాయి అరిగి గుంట పడుట చూచి, అభ్యాసముచే కానిది లేదని తలచి మరలివచ్చి వైయాకరణుడయ్యెనని కథ. పాఠ్యపుస్తకములకు ఇది మిక్కిలి ప్రీతిపాత్రమైనది. శ్రమవలన మేలు కలుగునను మాట సత్యము. కాని ఈ కథకు ఒక చీకటి వైపు కలదు. శ్రమించినచో వచ్చునని నమ్మినవాడు, రానిచో శ్రమింపలేదని నిర్ణయించును. కన్ను సరిగా కనబడని పిల్ల, చెవి సరిగా వినబడని పిల్లవాడు, అక్షరమునకును ధ్వనికిని ముడి మెదడున త్వరగా పడని బాలుడు, వీరందరును సోమరులుగా ముద్రపడుదురు. అట్టి పిల్లవాడు తోటివారికంటె రెట్టింపు శ్రమపడి సగము ఫలితము పొందుచుండును. ఆ శ్రమ ఎవరికిని కానరాదు. బోపదేవుని వ్యాకరణము పేరు ముగ్ధబోధము, అనగా తెలియనివారికి బోధించునది. కథలోని రాతికంటె ఈ పేరే ఉపాధ్యాయులకు ఎక్కువ పాఠము చెప్పుచున్నదని మాకు తోచును.

4. లిపి చెప్పు సాక్ష్యము

ఇంతవరకు శిష్యుని గూర్చి చెప్పితిమి. అతని ఎదుట నున్న వస్తువును గూడ విమర్శింపవలయును. తెలుగు లిపి ధ్వనికి విశ్వాసపాత్రమైనది, వ్రాసినట్లు చదువవచ్చును. అందుచే ఆంగ్లమున వలె వర్ణక్రమము కొరకు తికమకపడు బాధ తక్కువ. కాని దీనికి వెల కలదు. హల్లులు 35 అనుకొని, ఒక్కొక్కదానికి 12 గుణింతరూపముల చొప్పున లెక్కించినను 420 రూపములగును. ఒత్తులు, సంయుక్తములు వీనికి అదనము. కన్నడము చదువు పిల్లలపై సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధనము, ఇట్టి లిపులలో అక్షరాభ్యాసము తొలి తరగతితో ముగియక పైతరగతులవరకును సాగునని చూపినది. సోదరలిపియగు తెలుగునకు ఇది మిక్కిలి సమీపమైన సాక్ష్యము.

రూపసామ్యమును చూడుడు. ప–వ, న–స, ష–ఘ, ద–ధ–థ, డ–ఢ, చ–ఛ లను వేరుచేయునది ఒక గీత, ఒక చుక్క, ఒక కొక్కెము. 'మ'కును 'వు'కును గల పోలిక పెద్దవారినే చేతివ్రాతలో మోసగించును. ఐత్వములో కొంత పైనను కొంత క్రిందను నిలుచును. క్రారవడి పలుకుటలో హల్లు తరువాత వచ్చును, వ్రాతలో దాని యెడమవైపు క్రిందికి చేరును. కంటిక్రమమునకును చెవిక్రమమునకును పొత్తు కుదరని ఇట్టి చోటులే మందపాఠకుడు జారిపడు తావులు. తెలుగు బాలుని పఠనవైకల్యము ఉచ్చారణదోషముగా కంటె నిదానముగా, ఒత్తులు విడుచుటగా, దీర్ఘములు మ్రింగుటగా బయటపడుటకు అవకాశము హెచ్చు. ఆంగ్లమునకై యేర్పడిన పరీక్షలను మాత్రమే నమ్ముకొన్నచో ఈ చిహ్నములు చేజారును.

ఇచట ఒక హెచ్చరిక యవసరము. ఇట్టి తప్పులు చిన్నపిల్లలందరును చేయుదురు. తగిన బోధ జరిగినను, తోటివారు దాటిపోయినను, తప్పులు విడువక నిలిచియున్నప్పుడే శంకింపవలెను. శంకించినపిమ్మట మొదట చూపును, వినికిడిని పరీక్షింపజేయవలెను. బుద్ధిమాంద్యము వేరు, పఠనవైకల్యము వేరు. రెండవదానియందు తెలివికి కొరత యుండనక్కరలేదు. నిర్ణయము నిపుణులది, గమనించుట, వ్రాసియుంచుట, తోడ్పడుట ఉపాధ్యాయునిది.

తోడ్పాటునకు కావలసిన సామగ్రి మన పాతబడిలోనే కొంత కలదు. వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరమును దిద్దుచు, నోటితో పలుకుచు, చెవితో వినుచు నేర్చిరి. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పిరి. మదరాసు ఎగ్మూరులో అనాథబాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతిని మలబారు బడిలో చూచి గ్రహించి, 1797లో గ్రంథముగా ప్రకటింపగా అది ఇంగ్లండున ప్రచారము పొందినది. కన్ను, చెవి, చేయి, నోరు ఒక్కసారిగా పనిచేయు బోధనే పఠనవైకల్యము గలవారికి ఆర్టన్, గిలింగ్‌హామ్ మొదలైనవారు అమెరికాలో 20వ శతాబ్దమున క్రమబద్ధము చేసిరి. అయితే వీధిబడిని పొగడుచు దాని కోదండమును, గోడకుర్చీని, తొడపాశమును మరువరాదు. ఇసుకను గ్రహించి బెత్తమును విడువవలెను; 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును గూడ నిషేధించినది.

5. గిడుగు చూపిన దారి

మన సాహిత్యచరిత్రలో విష్ణుశర్మ ప్రతినను ఆచరణమున చూపినవాడు గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) యని మేము తలచుచున్నాము. పర్లాకిమిడి పరిసరములందలి సవరపిల్లలకు తెలుగు చదువు పట్టకపోవుట చూచి, అతడు వారిని మందులనలేదు. తానే సవరభాష నేర్చి, ఆ భాషలో వాచకములు తయారుచేసి, పాఠశాల నడపెను. 1931లో సవరభాషా వివరణ గ్రంథమును, 1938లో సవర–ఆంగ్ల నిఘంటువును ప్రకటించెను. తెలుగుపిల్లల విషయముననూ అతడు వేసిన ప్రశ్న అదియే: పిల్లవానికి అర్థముకాని భాషలో పుస్తకము వ్రాసి, అర్థము కాలేదని పిల్లవానిని తప్పుపట్టుట న్యాయమా? వ్యావహారికవాదమును మనము శైలీవివాదముగా చదువుచున్నాము. దాని మూలము ప్రాథమిక పాఠశాలలో, చదువు రాని పిల్లవాని బల్లవద్ద నున్నది.

అయితే ఈ దారికిని ఎల్ల కలదు. భాషాభేదమును వైకల్యముగా భ్రమించుట యొక ప్రమాదము. కోయ, గోండు, సవర బాలురు నేటికిని దీనికి గురియగుచున్నారు. వైకల్యమును భాషాభేదముగా భ్రమించి 'కాలక్రమమున అదియే వచ్చును' అని విడిచిపెట్టుట రెండవ ప్రమాదము. ఆంగ్లమాధ్యమము విస్తరించిన నేడు ఈ రెండవది హెచ్చినది. ఇంటిభాషలో గూడ పలుకులను అక్షరములుగా విడదీయలేకున్నాడా యని చూచినప్పుడే రెండింటికిని భేదము తెలియును. ఈ పరీక్షకు తెలుగు తెలిసినవాడు కావలెను. కావున ఇది వైద్యుల పనియని, విద్యాశాఖ పనియని తెలుగుశాఖలు చేతులు కట్టుకొని కూర్చుండరాదు.

6. తెలుగు శాఖల కర్తవ్యము

1984లో సికిందరాబాదున మానసిక వికలాంగుల జాతీయసంస్థ స్థాపితమైనది. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు విధములైన వైకల్యములను మాత్రమే గుర్తించినది; అందు అభ్యసనవైకల్యము లేదు. 2016 నాటి చట్టము ఆ సంఖ్యను 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసనవైకల్యమునకు చోటిచ్చినది. దానిని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధనోపాయములు చేయవలెనని 16వ సెక్షనున విధించినది. మండలములందు భవిత కేంద్రములు వెలసినవి. చట్టము పేరు పెట్టినది. ఆ పేరునకు తెలుగున అర్థము కల్పింపవలసినది మనము.

ఏయే అక్షరములు, ఏయే ఒత్తులు పిల్లలకు ఏ క్రమమున కష్టమగునో తెలుగు తరగతులనుండియే సేకరింపవలెను. వర్ణమాలాక్రమము ధ్వనిశాస్త్రమునకు తగినది. నేర్చు పిల్లవానికి వాడుకలో తరచు వచ్చు తేలిక యక్షరములు ముందుండుట తగును. ఏ క్రమము మేలో పరీక్షించి తేల్చుట తెలుగు పరిశోధకులకు తగిన విషయము కాదా? కావ్యములందలి అలంకారములను లెక్కించు శ్రమలో పదియవపాలు ఈ దిక్కునకు త్రిప్పినను ఫలితము కలుగును.

మాటలను గూడ సంస్కరింపవలెను. శుంఠ, మొద్దు, మట్టిబుర్ర మొదలైన నామవాచకములు పిల్లవానిని ఒకచోట పాతివేయును. 'ఒత్తులు విడిచి చదువుచున్నాడు', 'ఇరువది దాటి లెక్కింపలేకున్నాడు' అను వాక్యములు అతడేమి చేయుచున్నాడో చెప్పును, చేయుచున్నదానిని మార్పవచ్చును. నామమునుండి క్రియకు మరలుట వ్యాకరణమున చిన్నమార్పు, తరగతిలో పెద్దమార్పు.

విష్ణుశర్మ పెట్టుకొన్న ఆరునెలల గడువు కథకు శోభనిచ్చునది. యథార్థమున కొందరు పిల్లలకు ఏండ్లు పట్టును, కొందరు ఎన్నడును సరళముగా చదువలేకపోవచ్చును. అట్టివారికి వినుటచేతను, చెప్పుటచేతను, చేయుటచేతను చదువు అందవలెను. గడువును విడిచి ప్రతినను మాత్రము నిలుపుకొనుట నేటి ఉపాధ్యాయునకు ఉచితము. నీతిచంద్రికను బోధించువారు కథాముఖమును తొందరగా దాటి మిత్రలాభమునకు పోవుట వాడుక. ఇకమీదట ఆ మొదటి పుటల వద్ద కొంతసేపు నిలిచి, పణముగా పెట్టబడినది ఎవరి పేరో విద్యార్థులకు తెలుపవలెనని మా మనవి.